హెచ్చరిక: తీసుకుపోయిన మనిషి లెక్కలో ఉండాలి

త్రిపురారం మండలంలోనూ, చుట్టుపక్కల నిడమనూరు, హాలియా, మిర్యాలగూడ పల్లెల్లోనూ ప్రతి ఇంటికీ ఈ మాట ఇప్పుడే చేరాలి. మీ ఊళ్లో ఎవరినైనా అనుమానంతో జనం పట్టుకున్నా, పోలీసులు వచ్చి "మాట్లాడి పంపిస్తాం" అని జీపెక్కించినా, అప్పటి నుంచి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టేదాకా గడిచే గంటలే అన్నిటికంటే ప్రమాదం. అతను దొంగా కాదా అన్నది తర్వాతి సంగతి. ఆ గంటల్లో మనిషి ఎక్కడున్నాడో ఏ కాగితం మీదా లేకపోతే అతనికి ఏం జరిగినా అడిగే దిక్కుండదు. కాబట్టి ఆ గంటల్ని ఊరే కనిపెట్టుకుని ఉండాలి.

సాగర్ ఎడమ కాలువ కింద మోటార్లు పోతుంటాయి. ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి రాగి తీగ ఎత్తుకుపోతారు. నాట్లు వేసిన వారానికే మోటారు పోతే ఆ రైతుకు ఎంత నష్టమో కంపసాగర్‌లోనో పెద్దదేవులపల్లిలోనో ఎవరినడిగినా చెబుతారు. కడుపు మండుతుంది. అందులో తప్పు లేదు. ఆ మంటలో అర్ధరాత్రి బాట మీద కనపడ్డ మనిషిని స్తంభానికి కట్టేసి, నాలుగు తగిలించి, ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం మాత్రం నేరం. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు తెలంగాణ అంతా పాకింది. మన ఉమ్మడి నల్లగొండలోనే, బీబీనగర్ మండలంలో, చుట్టాల ఇంటికి వచ్చిన ఒక మనిషిని జనం కొట్టి చంపారు. ఆ పుకారు పంపినవాళ్లలో చాలామంది తమ పిల్లల కోసం భయపడే పంపారు. చచ్చినవాడికి దాంతో పనేముంది?

జనం చేతిలో చావును చూసినంత దగ్గరగా ఠాణాలో చావును మనం చూడం. అడ్డగూడూరు సంగతి అందుకే వివరంగా చెప్పాలి.

మరియమ్మది ఖమ్మం జిల్లా చింతకాని మండలం కోమట్లగూడెం. దళిత మహిళ. యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు మండలం గోవిందాపురంలో ఒక పాస్టర్ ఇంట్లో వంటపని చేసేది. 2021 జూన్‌లో ఆ ఇంట్లో 2 లక్షల రూపాయలు పోయాయన్న ఫిర్యాదు మీద ఆమెనూ, కొడుకునూ, కొడుకు స్నేహితుణ్నీ పట్టుకున్నారు. జూన్ 18న అడ్డగూడూరు పోలీసుల చేతిలో ఉండగానే ఆమె ప్రాణం పోయింది. తమను ఎలా కొట్టారో కొడుకు బయటకొచ్చి చెప్పాడు. ఖననమైన దేహాన్ని తీసి మళ్లీ శవపరీక్ష చేయాలని హైకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్లను ఉద్యోగం నుంచి తొలగించారు. ప్రభుత్వం కుటుంబానికి పరిహారం, కొడుక్కి ఉద్యోగం ఇచ్చింది. ఇవన్నీ చావు తర్వాత జరిగినవి. చావుకు ముందు జరగాల్సినవి చాలా చిన్న పనులు: అరెస్టు అయితే అరెస్టు అని రాయడం, ఇంటికి కబురు పెట్టడం, డాక్టరుకు చూపించడం, మహిళా పోలీసు ఉండటం, మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్లడం. ఆ 2 లక్షలు ఎవరు తీశారో తేల్చడానికి ఒక కోర్టు ఉంది. ఆమె ఆ గడప తొక్కలేదు.

రెండేళ్లు తిరక్కుండానే మెదక్. 2023 జనవరి చివర్లో గొలుసు దొంగతనం కేసులో సీసీటీవీలో కనపడ్డ మనిషిలా ఉన్నాడని ఖదీర్ ఖాన్ అనే కూలిని పట్టుకుపోయారు. కొన్నాళ్లు ఉంచుకుని వదిలేశారు. నడవలేని స్థితిలో ఇంటికి చేరాడు. తనను ఎలా హింసించారో ఆస్పత్రి మంచం మీద నుంచి చెప్పి, ఫిబ్రవరిలో గాంధీ ఆస్పత్రిలో కన్నుమూశాడు. హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. పోలిక ఒక్కటే ఆధారం. ఆ పోలిక మీకూ రావచ్చు, మీ తమ్ముడికీ రావచ్చు.

ఇంకా దగ్గరికొస్తే సూర్యాపేట జిల్లా ఆత్మకూరు(ఎస్). 2021 నవంబరులో రామోజీ తండా గిరిజన యువకుణ్ని దొంగతనం అనుమానంతో ఠాణాకు తీసుకెళ్లి ఒళ్లు హూనం చేశారని తండా అంతా రోడ్డెక్కింది. ఇలాంటి కేసుల్లో వినపడే పేర్లు చూడండి. కూలీ, లంబాడీ, దళితుడు, పేద ముస్లిం. లాయరు నంబరు జేబులో ఉన్నవాణ్ని "మాట్లాడి పంపిస్తాం" అని తీసుకుపోవడం అరుదు.

"నాలుగు తగిలిస్తే నిజం కక్కుతాడు" అన్న మాట మన నోళ్లలో ఎంత పాతదో చెప్పడానికి ఒక సర్కారీ రికార్డు ఉంది. కృష్ణ దాటితే అవతలి గట్టు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ. అక్కడ రైతుల్ని, అనుమానితుల్ని హింసిస్తున్న సంగతి మీద వేసిన కమిషన్ 1855లో నివేదిక ఇచ్చింది. కిట్టి అనే రెండు చెక్కల మధ్య చేతివేళ్లు పెట్టి నొక్కడం, మనిషిని వంచి తలా కాళ్లూ కలిపి కట్టి ఎండలో వదిలేయడం అందులో నమోదయ్యాయి. పన్ను కట్టనివాడికీ, దొంగతనం ఒప్పుకోనివాడికీ అదే మందు. అలాంటి అనుభవాల నుంచే, పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదన్న నిబంధన చట్టంలోకి వచ్చింది. 1872 సాక్ష్య చట్టంలో ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 23గా అదే నిలిచి ఉంది. మన పోలీసుల్ని పరాయి దొరలే నమ్మలేదని కొందరికి కష్టంగా తోచవచ్చు. కానీ ఆ రాజ్యం కూడా ఒప్పుకున్న సత్యం ఇది: దెబ్బలకు ఓర్వలేని మనిషి దేన్నయినా ఒప్పుకుంటాడు.

ఇవతలి గట్టున నిజాం రాజ్యం. ఇక్కడ గడీలే కచేరీలు. సూర్యాపేట తాలూకా ఎర్రపాడు దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద లక్షన్నర ఎకరాలుండేవని పోరాట చరిత్రలు చెబుతాయి. అంత భూమి ఉన్నవాడి ఊళ్లో ఫిర్యాదీ దొరే, తీర్పరీ దొరే, కొరడా పట్టేదీ దొర మనిషే. ఆ బతుకు మీదే మన తాతలు తిరగబడ్డారు. తిరగబడ్డవాళ్లకు ఏమైందో కూడా ఈ జిల్లా మరిచిపోకూడదు. పోలీసు చర్య తర్వాత 1949లో నల్లగొండ స్పెషల్ ట్రిబ్యునల్ విచారించిన హత్య కేసుల్లో ఉరిశిక్షలు పడ్డాయి. తెలంగాణ పోరాటంలో ఉరి పడ్డ 12 మంది పేరుతో దేశదేశాల్లో ఆందోళన జరిగింది. వాళ్లలో జనగామ ప్రాంతపు నల్లా నర్సింహులు ఒకరు. వాళ్ల తరఫున వాదించడానికి బ్రిటన్ నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చారు. ప్రాణం మీదికి వచ్చిన కేసులో తమకు లాయరే లేడన్నది వాళ్ల ప్రధానమైన గోడు. 1951 మార్చిలో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. లాయరు లేనంత మాత్రాన ప్రతి విచారణా చెల్లకుండా పోదని చెప్పింది. విచారణ నాటికి రాజ్యాంగం అమల్లోకి రాలేదని కూడా గుర్తుచేసింది. చివరికి ఉరి యావజ్జీవంగా మారి వాళ్లు బతికారు. జనం గొంతెత్తకపోతే బతికేవాళ్లు కాదు.

ఇవాళ రాజ్యాంగం ఉంది. ఆర్టికల్ 22 ఉంది. ఎందుకు అరెస్టు చేశారో చెప్పాలి, తనకు నచ్చిన లాయరును పెట్టుకోనివ్వాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. నల్లగొండ ఖైదీలకు దక్కనిది మనకు రాతపూర్వకంగా దక్కింది. దాన్ని వాడుకోకపోతే ఏమవుతుందో కోదాడ దాటాక విజయవాడ రోడ్డు మీదే ఉన్న నందిగామ చెబుతుంది.

2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని దారుణ హత్యకు గురైంది. రాష్ట్రమంతా రగిలింది. హంతకుణ్ని పట్టుకోవాలన్న ఒత్తిడి పోలీసుల మీద రోజురోజుకూ పెరిగింది. 2008 ఆగస్టులో నందిగామ మండలం నుంచి సత్యంబాబు అనే పేద యువకుణ్ని తెచ్చి ఇతనే అన్నారు. నరాల జబ్బుతో కాళ్లు చచ్చుబడి కదల్లేని స్థితిలో అతను నిమ్స్‌లో చికిత్స పొందాడు. 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా కోర్టు దోషి అని తేల్చింది. 2017 మార్చి 31న హైదరాబాద్ హైకోర్టు నిర్దోషి అని విడుదల చేసి, లక్ష రూపాయలు ఇవ్వాలనీ, దర్యాప్తు చేసిన అధికారుల మీద చర్య తీసుకోవాలనీ చెప్పింది. అప్పటికి ఎనిమిదేళ్లు దాటిపోయాయి. కొడుకు కోసం కోర్టుల చుట్టూ తిరిగిన ఆ తల్లి గురించి ఆలోచించండి. బిడ్డను పోగొట్టుకున్న ఆ రెండో తల్లి గురించి ఇంకా ఎక్కువ ఆలోచించండి. ఆమె మొదటినుంచీ ఇతను కాదనే చెబుతూ వచ్చింది. 2018లో కేసు సీబీఐకి వెళ్లింది. ఈలోపు కోర్టు దగ్గర భద్రంగా ఉండాల్సిన వస్తుసాక్ష్యాలు ధ్వంసమైపోయాయని తేలింది. 2019 డిసెంబరులో తెనాలిలో సమాధి తవ్వి ఆ అమ్మాయి అవశేషాల్ని మళ్లీ పరీక్షించాల్సి వచ్చింది. తప్పు మనిషిని పట్టుకుంటే అసలు దోషి చల్లగా బతుకుతాడు. నిందితుడి హక్కులంటే నేరస్తుణ్ని కాపాడటమే అనేవాళ్లకు ఈ కేసుకు మించిన జవాబు లేదు.

ఇప్పుడు సూర్యాపేట. ఈ సంగతి రాయడం కష్టం, ఎందుకంటే ఇందులో మనవాళ్ల రక్తం ఉంది. 2015 ఏప్రిల్ 1 అర్ధరాత్రి సూర్యాపేట హైటెక్ బస్టాండులో బస్సు తనిఖీ చేస్తున్న పోలీసుల మీద ఇద్దరు సాయుధులు కాల్పులు జరిపారు. కానిస్టేబుల్ లింగయ్య, హోంగార్డు మహేశ్ అక్కడే కూలిపోయారు. 4న మోత్కూరు మండలం జానకీపురం దగ్గర జరిగిన ఎదురుకాల్పుల్లో ఆ ఇద్దరూ చనిపోయారు, కానిస్టేబుల్ నాగరాజు కూడా ప్రాణం కోల్పోయాడు. గాయపడ్డ ఎస్సై సిద్ధయ్య 7న ఆస్పత్రిలో కన్నుమూశాడు. నలుగురూ డ్యూటీలో చనిపోయినవాళ్లు. వాళ్ల కుటుంబాలకు ఈ జిల్లా రుణపడి ఉంది.

అదే 7వ తేదీన వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు ఆలేరు దగ్గర పోలీసు వ్యానులోనే కాల్పుల్లో చనిపోయారు. ఆయుధాలు లాక్కోబోయారని పోలీసులు చెప్పారు. బేడీలతోనే సీట్లలో ఒరిగిపోయిన శవాల ఫోటోలు దేశమంతా చూసింది. సూర్యాపేట కాల్పులు జరిగిన రాత్రి వాళ్లు వరంగల్ జైల్లో ఉన్నారు. వాళ్ల మీద ఉన్న కేసులు చిన్నవి కావు, పోలీసుల హత్య ఆరోపణలూ ఉన్నాయి. అందుకే ఆ విచారణ పూర్తి కావాల్సింది. వాళ్లు దోషులైతే ఆ మాట కోర్టు నోట వినే హక్కు ఆ హతుల కుటుంబాలకు ఉంది. నిర్దోషులైతే వాళ్ల ఇళ్లకు ఉంది. వ్యాను ఆగినచోట ఇద్దరి హక్కూ పోయింది.

నాలుగేళ్లకు, 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి. దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురూ పోలీసుల కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటపడింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసుల్ని హత్యానేరం కింద విచారించాలని, చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని అందులో ఉంది. ఆ పూలు చల్లినవాళ్లలో ఆడపిల్లల తల్లులు, కాలేజీ అమ్మాయిలు ఉన్నారు. వాళ్ల భయం నిజమైనది. ఆ భయానికి దొరికిన జవాబు మాత్రం, ఠాణాలో లెక్క రాయకుండా మరియమ్మ మీద చెయ్యి ఎత్తిన ధైర్యానికి ఊతమిచ్చింది. చటాన్‌పల్లిలో చప్పట్లు కొట్టి అడ్డగూడూరులో కన్నీళ్లు పెట్టుకుంటే ఆ కన్నీళ్లను ఏ ఎస్సై కూడా లెక్కచేయడు.

కోర్టు దారిలో న్యాయం జరగదనేవాళ్లు మిర్యాలగూడ వైపు చూడాలి. 2018 సెప్టెంబరు 14న ప్రణయ్‌ను గర్భిణి అయిన భార్య కళ్లముందే ఆస్పత్రి బయట నరికి చంపారు. కూతురు దళితుణ్ని పెళ్లి చేసుకుందని తండ్రే డబ్బిచ్చి చేయించిన హత్య అన్నది కేసు. అప్పుడూ "కాల్చిపారేయండి" అన్న అరుపులు వినిపించాయి. పోలీసులు సాక్ష్యాలు కూర్చుకున్నారు, చార్జిషీటు వేశారు. మొదటి నిందితుడు విచారణ ముగియకముందే 2020లో ఆత్మహత్య చేసుకున్నాడు. 2025 మార్చి 10న నల్లగొండ ఎస్సీ, ఎస్టీ కోర్టు మిగిలినవాళ్లలో ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం విధించింది. ఉరి మీద నా అభిప్రాయం వేరు. ఆరున్నరేళ్లు పట్టడమూ అన్యాయమే. అయినా ఎవరు చేశారు, ఎవరు చేయించారు, డబ్బు ఏ చేతి నుంచి ఏ చేతికి మారింది అన్నది ఎవరూ కాదనలేకుండా రికార్డయింది. ఎన్‌కౌంటర్ ఆ రికార్డును ఎన్నటికీ ఇవ్వలేదు.

ఈ హెచ్చరిక ఇప్పుడే ఎందుకంటే, చట్టం మారింది. 2024 జులై నుంచి నడుస్తున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో పోలీసు కస్టడీ మొత్తం 15 రోజులే. కానీ దాన్ని కేసును బట్టి మొదటి 40 రోజుల్లోనో 60 రోజుల్లోనో ముక్కలుముక్కలుగా అడగొచ్చు. అంటే జైలుకు పంపాక కూడా మనిషి మళ్లీ ఠాణాకు రావచ్చు, బెయిలు దగ్గరపడిందనుకున్నప్పుడు రావచ్చు. పాత నేరస్తులకు, తప్పించుకున్నవాళ్లకు, హత్య, అత్యాచారం వంటి కేసుల్లో బేడీలు వేసే అధికారమూ ఇచ్చింది. బేడీలు మామూలు పద్ధతి కారాదని 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ అంత గట్టిగా చెప్పాక ఇది వెనకడుగే. మరోవైపు దేశపు జైళ్లలో 2022 చివరి నాటికి ఉన్న 5.73 లక్షల మందిలో 4.34 లక్షల మంది ఇంకా నేరం రుజువు కానివాళ్లే. కస్టడీలో హింసను విడిగా నేరం చేసే చట్టం ఈ దేశంలో ఇప్పటికీ లేదు. హింసకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద 1997లో సంతకం పెట్టి, ఇంతవరకూ ఆమోదించని దేశం మనది.

అదే చట్టంలో మన చేతికిచ్చిన పట్టు కూడా ఉంది. దాని గురించి ఎవరూ చెప్పరు గనుక వివరంగా చెబుతాను. అరెస్టు చేసేటప్పుడు పోలీసు అధికారి పేరు స్పష్టంగా కనపడాలి. అరెస్టు మెమో రాయాలి. ఆ మెమో మీద ఇంటి మనిషి గానీ, ఆ ఊరి గౌరవనీయుడైన ఒకరు గానీ సాక్షి సంతకం పెట్టాలి. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ఇది, ఇప్పుడు సెక్షన్ 36. అంటే మీ ఊరి సర్పంచి, టీచరు, ఎవరైనా సరే, ఆ మెమో మీద టైము చూసి సంతకం చేస్తే ఆ 24 గంటల గడియారం మొదలైనట్టే. జీపు వచ్చినప్పుడు తలుపులేసుకోకండి. బయటికొచ్చి, మర్యాదగానే, "సార్, ఏ కేసు? మెమో ఏది? ఏ స్టేషన్‌కి?" అని అడగండి. బండి నంబరు, టైము రాసుకోండి. అరెస్టు కాదు, విచారణకు పిలుస్తున్నాం అంటే నోటీసు కాగితం అడగండి. సాక్షిగా ప్రశ్నించాలంటే ఆడవాళ్లను, 15 ఏళ్లలోపు పిల్లల్ని, 60 దాటినవాళ్లను ఇంటి దగ్గరే ప్రశ్నించాలి. ఆడమనిషిని పొద్దుగూకాక, తెల్లారకముందు అరెస్టు చేయాలంటే మహిళా అధికారి ఉండాలి, అసాధారణ పరిస్థితి ఉండాలి, మేజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకోవాలి.

ఖాళీ కాగితం మీద సంతకం గానీ వేలిముద్ర గానీ వేయకండి. పంచనామాకు పిలిస్తే కళ్లారా చూడనిదానికి సాక్షిగా నిలబడకండి. ఠాణా బయట టీ కొట్టు దగ్గర పెట్టిన సంతకం ఒక మనిషి ఎనిమిదేళ్ల బతుకు మింగేయగలదు. పెద్దమనుషులు ఠాణాలో కూర్చుని "ఇంత ఇచ్చి తెగ్గొట్టుకోండి" అని చేసే రాజీలు మానాలి. చేయని నేరం ఒప్పుకున్నట్టయిన ఆ మనిషినే ఊళ్లో ఇంకో మోటారు పోగానే ముందుగా పట్టుకుంటారు.

ఆలస్యమైతే 15100కి ఫోన్ చేయండి. న్యాయసేవా సంస్థ నంబరు అది, ఖర్చుండదు. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలి. ఎస్పీ ఆఫీసుకు టైముతో సహా ఒక మెసేజ్, ఒక రిజిస్టర్డ్ పోస్టు పంపండి. మేజిస్ట్రేటు ముందు నిలబెట్టినప్పుడు కొట్టారా అని అడిగేదాకా ఆగవద్దు, కొడితే నోరు తెరిచి చెప్పమని మీవాడికి లాయరు ద్వారా చెప్పించండి, దెబ్బలు చూపించమనండి. డాక్టరు పరీక్ష చట్టం ఇచ్చిన హక్కు. ఠాణాల్లో సీసీ కెమెరాలుండాలని, రికార్డింగు ఏడాదికి తగ్గకుండా దాచాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి ఫుటేజీ చెరపొద్దని వెంటనే రాతపూర్వకంగా కోరండి. షూరిటీలు దొరక్క జైల్లో మగ్గుతున్నవాళ్ల ఇంటివాళ్లు సెక్షన్ 479 గురించి లాయరును అడగాలి. మొదటిసారి కేసైతే, ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం గడిచాక బెయిలుకు అర్హత వస్తుంది. ఉరి, యావజ్జీవం పడే కేసులకు ఇది వర్తించదు. ఇంకో కేసు కూడా నడుస్తుంటే చిక్కే.

వాట్సాప్ గ్రూపుల అడ్మిన్లు ఇవాళే ఒక పని చేయండి: "దొంగ దొరికాడు" అన్న ఫోటో ఏది వచ్చినా తీసేయండి, పెట్టినవాణ్ని పిలిచి మాట్లాడండి. పిల్లాడి ముఖమైతే ఇంకా ముందు.

పోలీసు సోదరులకు కూడా ఈ మాట. రాత్రి తనిఖీలో లింగయ్య, మహేశ్ నిలబడ్డట్టు నిలబడేవాళ్లు మీలో ఎక్కువమంది. మరియమ్మ మీద చెయ్యి చేసుకున్నవాళ్లు కొద్దిమంది. ఆ కొద్దిమంది పక్క గదిలో ఏం చేస్తున్నారో వింటూ ఊరుకున్న ప్రతిసారీ మీ ఉద్యోగం, మీ యూనిఫాం, మీ పిల్లల భవిష్యత్తు వాళ్ల చేతిలో పెడుతున్నారు. లాకప్పులో ఉన్న మనిషి పేరు రిజిస్టరులో లేకపోతే ఎస్సైకి చెప్పండి, ఎస్సై వినకపోతే సీఐకి, డీఎస్పీకి చెప్పండి.

సెక్షన్ 37 ప్రకారం అరెస్టయినవాళ్ల పేర్లు, నేరం వివరాలు ప్రతి ఠాణాలోనూ అందరికీ కనపడేలా పెట్టాలి, ఆ సమాచారానికి బాధ్యుడిగా ఏఎస్సైకి తగ్గని అధికారి ఒకరుండాలి. ఈ వారంలో త్రిపురారం, నిడమనూరు, హాలియా ఠాణాలకు నలుగురైదుగురు కలిసి వెళ్లండి. ఆ బోర్డు ఎక్కడుందో చూపించమనండి, ఆ అధికారి పేరు, ఫోన్ నంబరు రాసుకుని గ్రామ పంచాయతీ గోడ మీద అతికించండి. బోర్డు లేదంటే ఎప్పటిలోగా పెడతారో రాసిమ్మని ఎస్పీకి అర్జీ పెట్టి, రసీదు తెచ్చుకోండి.